ఉప్పునీటి అక్వేరియంలో యూవీ స్టెరిలైజర్: తరచుగా అడిగే ప్రశ్నలు

చేప రెక్క మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు కనబడ్డ రాత్రే చాలామందికి యూవీ (అతినీలలోహిత కాంతితో నీటిని శుద్ధి చేసే పరికరం) గుర్తొస్తుంది. ఆ టెన్షన్‌లో కొన్న యూవీ సాధారణంగా చిన్నదై ఉంటుంది, దానికి తగిలించిన పంపు పెద్దదై ఉంటుంది. నేను కొన్న మొదటిది అచ్చం అలాంటిదే. ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలనూ, అప్పట్లో నేను అడిగి ఉండాల్సిన ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట పెట్టాను.

యూవీ స్టెరిలైజర్ అసలు ఏం చేస్తుంది?

ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మధ్యలో క్వార్ట్జ్ గొట్టం, ఆ క్వార్ట్జ్ లోపల బల్బు. ట్యాంకు నీళ్లు ఒక వైపు నుంచి వచ్చి బల్బు చుట్టూ పారి రెండో వైపు నుంచి వెళ్లిపోతాయి. మనం వాడే లో ప్రెషర్ మెర్క్యురీ బల్బులు 254 నానోమీటర్ల దగ్గర యూవీ-సి కాంతిని ఎక్కువగా ఇస్తాయి. ఆ కాంతి సూక్ష్మజీవి డీఎన్ఏ మీద పడి, అందులో పక్కపక్కనున్న థైమిన్ అనే భాగాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. అలా అతుక్కుపోయిన డీఎన్ఏకి సరిగ్గా నకలు తీయడం కుదరదు. జీవి అక్కడికక్కడే చావకపోయినా దాని వంశం అంతటితో ఆగిపోతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ఎండ తగిలితే బాక్టీరియా పెరగదని ఇంగ్లండ్‌లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు 1877లోనే చూపించారు. 1910లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో తాగునీటిని యూవీతో శుద్ధి చేసి చూశారు. చేపల ట్యాంకుకు వచ్చేసరికి తేడా ఒక్కటే. తాగునీరు బల్బు ముందు నుంచి ఒకసారి దాటి నేరుగా గ్లాసులోకి వస్తుంది. మన నీళ్లు మాత్రం దాటిన వెంటనే మళ్లీ అదే ట్యాంకులో, శుద్ధి కాని నీళ్లలో కలిసిపోతాయి. పేరులో స్టెరిలైజర్ అని ఉన్నా ట్యాంకు ఎప్పటికీ స్టెరైల్ కాదు, కావాల్సిన అవసరమూ లేదు.

చేపకు జబ్బు వచ్చాక యూవీ పెడితే తగ్గుతుందా?

తగ్గదు. చేప ఒంటి మీద, మొప్పల్లో ఉన్న పురుగు బల్బు దగ్గరికి రాదు. యూవీ వైద్యం చేసేది నీళ్లకే, చేపకు కాదు. ముందు చేపను పట్టి వేరే ట్యాంకులో మందు పెట్టాలి.

మరి వైట్ స్పాట్‌ని (ఆ తెల్ల చుక్కల జబ్బుని) యూవీ ఆపుతుందని అందరూ ఎందుకంటారు?

కొంతవరకు నిజం కాబట్టి. ఎంతవరకో తెలియాలంటే ఆ పురుగు బతుకు కాస్త తెలియాలి.

ఉప్పునీటి వైట్ స్పాట్‌కి కారణం క్రిప్టోకారియోన్ ఇరిటాన్స్ అనే ఒంటికణ జీవి. మంచినీటి చేపలకు వచ్చే వైట్ స్పాట్ చూడ్డానికి ఇలాగే ఉన్నా అది వేరే జీవి. ఇది ముందు చేప చర్మం పైపొర కిందకి దూరి, కణజాలం తింటూ 3 నుంచి 7 రోజులు ఉంటుంది. మనకు కనబడే చుక్క ఇదే. తర్వాత చేపను వదిలేసి కిందకి దిగి, ఇసుక మీదో రాయి మీదో కొన్ని గంటలు పాకుతుంది. అక్కడే చుట్టూ గట్టి గూడు కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతూ వందల పిల్లలవుతుంది. చాలా గూళ్లు నాలుగు వారాల లోపే పగులుతాయి గానీ, 72 రోజులకు పగిలినవి కూడా నమోదయ్యాయి. బయటికొచ్చిన పిల్లలు ఈదుకుంటూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. అంటుకునే సత్తువ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ.

ఇంత కథలో యూవీకి చిక్కేది ఆ చివరి దశ ఒక్కటే. అది కూడా పంపు లాక్కున్నవి మాత్రమే. చేప మీద ఉన్నది చిక్కదు, పాకేది చిక్కదు, గూట్లో ఉన్నదైతే అసలే చిక్కదు.

ఇంకో చిక్కుంది. ఈ పురుగు చేపను వదిలేది ఎక్కువగా చీకట్లో. గూళ్లు పగిలేది కూడా చీకట్లోనే, ముఖ్యంగా తెల్లవారుజామున. ఆ వేళకు చేప రోజూ పడుకునే రాతి సందులో కదలకుండా ఉంటుంది. కొన్నాళ్ల క్రితం పురుగు దిగిందీ ఆ సందులోనే, గూడు కట్టిందీ అక్కడే. అంటే పిల్ల పుట్టిన చోటికి చేప జానెడు దూరంలో నిద్రపోతోంది, యూవీ మాత్రం కింద సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టర్లు పెట్టే తొట్టిలో) ఎక్కడో ఉంది. ఈ పరుగు పందెంలో ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

అయినా యూవీ వృథా కాదు. దూరం కొట్టుకుపోయిన పిల్లల్లో చాలావాటిని అది తీసేస్తుంది. చేప మీద ఒకేసారి వంద దూరడానికీ పది దూరడానికీ చాలా తేడా ఉంది. పది దూరితే చేప తట్టుకోగలదు, నెమ్మదిగా కొంత రోగనిరోధక శక్తి కూడా తెచ్చుకుంటుంది. అందుకే కొన్ని ట్యాంకుల్లో యూవీ పెట్టాక చుక్కలు కనబడవు. యజమాని జబ్బు పోయిందనుకుంటాడు. ఏడాది తర్వాత ఒక టాంగ్ చేపని కొత్తగా వేస్తే, వారం తిరక్కుండా దాని ఒళ్లంతా చుక్కలే. జబ్బు పోలేదు, ఇన్నాళ్లూ అణిగి ఉందంతే.

నీళ్లన్నీ గంటకొకసారి యూవీ గుండా వెళ్తే ఇంకేం మిగులుతుంది?

లెక్క అంత సూటిగా ఉండదు. 300 లీటర్ల ట్యాంకు, గంటకు 300 లీటర్లు లాగే పంపు అనుకుందాం. గంటలో 300 లీటర్లు యూవీ దాటిన మాట నిజమే, కానీ దాటినవి మళ్లీ ట్యాంకులోనే కలుస్తాయి కాబట్టి, కొన్ని నీళ్లు రెండుసార్లు వెళ్తాయి, కొన్ని అసలు వెళ్లవు. నీళ్లు బాగా కలుస్తున్నాయనుకున్నా మొదటి గంటలో ఒక్కసారైనా బల్బు ముందుకు వచ్చేది దాదాపు 63 శాతమే. మూడు గంటలకు 95 శాతం, ఐదు గంటలకు 99 శాతం దాటుతుంది. నాచుతో పచ్చబడ్డ నీళ్లకైతే ఇది బ్రహ్మాండం, ఎందుకంటే అక్కడ తొందరేం లేదు. చేపను వెతుక్కుంటూ ఈదే పురుగుకు ఐదు గంటలంటే బోలెడు సమయం.

వెల్వెట్, బ్రూక్లినెల్లా లాంటివాటి సంగతేమిటి?

ఇవీ పరాన్నజీవుల జబ్బులే. వెల్వెట్ తెచ్చే అమైలూడినియం కూడా గూడు కట్టి పిల్లల్ని వదిలే రకమే, ఒక్కో గూటి నుంచి 256 వరకు. ఆ పిల్లలు నీళ్లలో చాలా రోజులు బతకగలవు కాబట్టి సూత్రప్రకారం యూవీకి వాటిని పట్టుకునే అవకాశం ఎక్కువ. కానీ వెల్వెట్ ముందు మొప్పల మీద పడి రోజుల్లోనే చేపల్ని చంపేస్తుంది. చేప పంపు ధార ముందు నిలబడి గబగబా ఊపిరి తీస్తోందంటే యూవీ గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే చేపల్ని తీసి రాగి మందు మొదలుపెట్టండి.

క్లౌన్ ఫిష్‌లను ఎక్కువగా పట్టే బ్రూక్లినెల్లా చేప మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది. దాని మీద యూవీ ప్రభావం చాలా తక్కువ. యూరోనెమా అనే ఇంకో పరాన్నజీవి కండలోకి దిగుతుంది, అదీ అంతే. ఫ్లూకులనే చదును పురుగుల గుడ్లు జాలీలకూ రాళ్లకూ చిక్కుకుని ఉంటాయి, ఈదే పిల్లలు మాత్రం కొన్ని దొరకొచ్చు.

నా అనుభవంలో యూవీ మేలు బాగా కనబడేది గాయాల విషయంలో. రెక్క చిరిగినప్పుడు, రాయి గీసుకున్నప్పుడు, నీళ్లలో తేలే బాక్టీరియా తక్కువగా ఉంటే పుండు పడటం తగ్గుతుంది. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు, ఎందుకో మరి.

ఎన్ని వాట్లు కావాలి?

వాట్ల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. చూడాల్సింది డోసు, అంటే జీవి మీద పడిన కాంతి తీవ్రతను అది బల్బు ముందున్న సమయంతో గుణిస్తే వచ్చేది. దీన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని మైక్రోవాట్ సెకన్లు అని చెబుతారు. తయారీదారుల పట్టికల్లో బాక్టీరియాకూ నీటిని పచ్చబరిచే నాచుకూ సుమారు 30,000 డోసు చూపిస్తారు. పరాన్నజీవులకు 90,000 నుంచి మొదలుపెట్టి ఇంకా పైకి వెళ్తారు. అందుకే ఒకే యూనిట్ డబ్బా మీద రెండు వేగాలు రాసి ఉంటాయి, ఒకటి నీళ్లు తేటగా ఉంచడానికి, దానికంటే బాగా తక్కువది పరాన్నజీవులకి. చాలామంది మొదటి అంకె చూసి కొని, రెండో పని చేస్తుందని నమ్ముతారు.

పంపు వేగం సగం చేస్తే నీళ్లు రెట్టింపు సేపు బల్బు ముందుంటాయి, డోసు రెట్టింపవుతుంది. వినడానికి బాగుంది. కానీ వేగం తగ్గించిన కొద్దీ ట్యాంకు నీళ్లు యూవీ దగ్గరికి రావడం ఆలస్యమవుతుంది, పైన చెప్పిన పరుగు పందెంలో ఇంకా వెనకబడతాం. పరాన్నజీవులకు రెండూ కావాలి, ఎక్కువ డోసూ గంటకు కనీసం ఒకటి రెండు సార్లు తిరిగే నీళ్లూ. ఈ రెండూ కలిపి దొరికేది పెద్ద యూనిట్‌లోనే. నా మొదటి యూనిట్ 9 వాట్లు, దానికి తగిలించింది సంప్ నుంచి నీళ్లను తిరిగి ట్యాంకులోకి తోసే మెయిన్ రిటర్న్ పంపు. నీళ్లు బల్బును అలా ముట్టుకుని ఇలా వెళ్లిపోయేవి. నీళ్లు అద్దంలా ఉండేవి, చేపలకు మాత్రం చుక్కలు తగ్గలేదు.

కొనేముందు ఇంకో ప్రశ్న అడగండి. ఆ పట్టికలోని డోసు కొత్త బల్బుదా, ఏడాది వాడాక మిగిలే కాంతిదా? మంచి తయారీదారులు రెండోదే ఇస్తారు.

ఎక్కడ బిగించాలి?

సంప్‌లో నీళ్లు ఫిల్టర్ సాక్ (చెత్తను వడకట్టే సంచి), స్కిమ్మర్ (మురికిని నురగగా తీసే పరికరం) దాటాక, యూవీకి సొంతంగా ఒక చిన్న పంపు పెట్టి బిగించడం నాకు నచ్చిన పద్ధతి. వేగం మన చేతిలో ఉంటుంది, శుభ్రం చేసేటప్పుడు మిగతా ట్యాంకు ఆగదు. ఒక లోపం ఉంది. యూవీ నుంచి వచ్చిన నీళ్లు మళ్లీ దాని పంపు నోటి దగ్గరే పడితే అవే నీళ్లు గిరగిరా తిరుగుతాయి. బయటికొచ్చే గొట్టాన్ని రిటర్న్ పంపు దగ్గరికి తీసుకెళ్లండి. పరాన్నజీవులే ముఖ్యమనుకుంటే ట్యాంకు నుంచే నీళ్లు తీసి ట్యాంకులోకే వదిలేలా బిగించడం ఇంకా మేలు.

నీళ్లు కింది నుంచి పైకి వెళ్లేలా నిలబెడితే లోపల గాలి చిక్కుకోదు. యూవీ-సి కాంతి మెత్తటి ప్లాస్టిక్ గొట్టాల్ని పెళుసు చేస్తుంది కాబట్టి బయటికొచ్చే చోట ఒక పీవీసీ ఎల్బో (గట్టి వంపు జాయింటు) పెట్టి, మెత్తటి గొట్టాన్ని దాని తర్వాత తగిలించండి.

మంచి బాక్టీరియా చచ్చిపోదా?

అమ్మోనియాను తినే బాక్టీరియా రాళ్లకూ ఇసుకకూ అంటుకుని బతుకుతుంది, నీళ్లలో తేలేది చాలా కొద్ది. కాబట్టి నడుస్తున్న ట్యాంకుకు భయం లేదు. కొత్త ట్యాంకులో సీసాల్లో అమ్మే బాక్టీరియా పోసినప్పుడు మాత్రం అవి రాళ్లకు పట్టేదాకా కొన్ని రోజులు ఆపేయండి.

పగడాలకు, కోపెపాడ్‌లకు ఇబ్బందా?

పగడాలకు నేరుగా ఇబ్బందేమీ లేదు, కాంతి యూనిట్ దాటి బయటికి రాదు. ఆహారంగా ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) పోసేవాళ్లు మాత్రం పోసిన పూట కొన్ని గంటలు యూవీ ఆపాలి, లేకపోతే కొన్న ఆహారాన్ని మనమే చంపుకున్నట్టు. రాళ్లలో ఉండే కోపెపాడ్‌లు (రొయ్య జాతి చిట్టి జీవులు) సంఖ్య నిలుపుకుంటూనే ఉంటాయి. వాటినే తిని బతికే మాండరిన్ చేపలు ఉన్న ట్యాంకుల్లో నేను రోజంతా యూవీ నడపడం చూశాను, చేపలు బొద్దుగానే ఉన్నాయి.

నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. గోధుమ రంగు జిగురు పట్టింది. యూవీ పనికొస్తుందా?

తెల్లబడింది బాక్టీరియా పెరగడం వల్లయితే కొన్ని రోజుల్లో తేటపడుతుంది. ఇసుక కదిలిన దుమ్మయితే యూవీ ఏమీ చేయదు. బాక్టీరియా పెరిగినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి అప్పుడు ముందు చూడాల్సింది నీటి పైభాగం బాగా కదులుతోందా అన్నది.

గోధుమ జిగురు డైనోఫ్లాజెల్లేట్‌లనే ఒంటికణ జీవులదైతే ఏ రకమో మైక్రోస్కోప్‌లో చూడండి. ఆస్ట్రియాప్సిస్, కూలియా రకాలు రాత్రికి ఇసుకను వదిలి నీళ్లలో తేలతాయి, సరైన సైజు యూవీని ట్యాంకులోంచే నడిపితే బాగా తగ్గుతాయి. పెద్ద కణాల ఆంఫిడినియం మాత్రం ఇసుకలోనే ఉండిపోతుంది, దాని కోసం యూవీ కొని ప్రయోజనం లేదు. చవకైన మైక్రోస్కోప్ ముందు కొని, యూవీ తర్వాత కొనమని చెప్పేది ఇందుకే.

మందు వేసేటప్పుడు యూవీ నడపొచ్చా?

వద్దు. చీలేటెడ్ (రాగిని వేరే పదార్థంతో కట్టి ఉంచిన) మందుల్లో ఆ బంధాన్ని యూవీ విడగొట్టగలదు, అప్పుడు నీళ్లలో విడి రాగి మనం అనుకోని స్థాయికి చేరుతుంది. క్లోరోక్విన్ లాంటి మందులు కాంతికి చెడిపోతాయి, మందు ఉందనుకుంటాం కానీ ఉండదు. మందు వేసే ట్యాంకులో యూవీ, కార్బన్ (నీళ్లలోని రంగునూ మందునూ పీల్చే బొగ్గు ఫిల్టర్) రెండూ ఆపేయాలి.

బల్బు వెలుగుతూనే ఉంది కదా, ఎందుకు మార్చాలి?

మనకు కనబడే నీలం వెలుగు వేరు, పని చేసే యూవీ-సి వేరు. యూవీ-సి కంటికి కనబడదు. బల్బు వయసు పెరిగే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది, నీలం మాత్రం అలాగే ఉంటుంది. మామూలు బల్బుల ఆయుష్షు సుమారు 8,000 నుంచి 9,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, ఏడాదికొకటి అని గుర్తుపెట్టుకుంటే చాలు. నేను రెండేళ్ల పాటు ఆ నీలం వెలుగు చూసి మురిసిపోయాను. ఇప్పుడు మార్చిన తేదీని టేప్ మీద రాసి బ్యాలస్ట్ (బల్బుకు కరెంటు ఇచ్చే భాగం) డబ్బా మీద అతికిస్తున్నాను.

బల్బు కంటే ముందు పాడయ్యేది క్వార్ట్జ్ గొట్టం. ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియం వేడి గొట్టం మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి, దాని మీద జిగురు చేరుతుంది. ఆ పొర దాటి కాంతి రాదు. రెండు మూడు నెలలకోసారి తీసి వెనిగర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. గీతలు పడే పీచు వాడొద్దు. బల్బునూ ఆరిన క్వార్ట్జ్‌నూ వట్టి చేతులతో పట్టుకోకండి, వేలి జిడ్డు వేడికి అక్కడే మాడి మచ్చవుతుంది. తిరిగి బిగించే ముందు నీళ్లు కారకుండా ఆపే ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు రాయండి. విరిగిన క్వార్ట్జ్ బదులు మామూలు గాజు గొట్టం పెట్టిన మహానుభావులు ఉన్నారు. మామూలు గాజు యూవీ-సిని ఆపేస్తుంది, అది ఉత్త దీపమే.

నీళ్లు పసుపు తిరిగినా కాంతి ఎక్కువ దూరం పోదు. కార్బన్ వాడితే యూవీ పని కూడా మెరుగవుతుంది.

నీళ్లు వేడెక్కుతాయా?

కొంచెం. బల్బు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడే అవుతుంది. 25 వాట్లు పెద్ద ట్యాంకులో తెలియదు, చిన్న ట్యాంకులో 55 వాట్లు పెడితే వేసవిలో తెలుస్తుంది.

రోజంతా నడపాలా, పగలు మాత్రమేనా?

రోజంతా. కరెంటు ఆదా చేయాలనుకుని రాత్రి ఆపేవాళ్లున్నారు. పురుగులు బయటికొచ్చేది ఆ వేళే. ఒక్క పూటే నడపాలంటే రాత్రి నడపండి. మాటిమాటికీ ఆపి మళ్లీ వేస్తే బల్బు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

కంటికి ప్రమాదమా?

అవును, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. విప్పిన బల్బును వెలిగించి చూస్తే కంటి పైపొర కాలుతుంది. వెంటనే ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు నొప్పి మొదలవుతుంది. బల్బు వెలుగుతోందో లేదో యూనిట్‌కు ఉన్న చిన్న కిటికీలోంచో గొట్టం జాయింటు మెరుపులోంచో చూడాలి. విప్పే ముందు ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. తీగను ప్లగ్ కంటే కిందకి వేలాడేలా ఉంచితే, కారిన ఉప్పునీరు సాకెట్‌లోకి పాకదు.

బల్బులో కొద్దిగా పాదరసం ఉంటుంది. గదిలో పగిలితే కిటికీలు తెరిచి, వాక్యూమ్ క్లీనర్ గానీ చీపురు గానీ వాడకుండా, గ్లోవ్స్ వేసుకుని అట్టముక్కతో ఎత్తి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి. మామూలు చెత్తలో కలపకండి. యూనిట్ లోపలే పగిలితే ముందు కరెంటు, పంపు ఆపండి, ఆ నీళ్లు ట్యాంకులోకి పోకూడదు.

యూవీ ఉంటే క్వారంటైన్ (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచడం) మానేయొచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు కోరుకునే జవాబు నాకు తెలుసు, కానీ మానేయకూడదు. వైట్ స్పాట్ ట్యాంకులో చేరాక దాన్ని నిజంగా వదిలించుకునే దారి ఒక్కటే. చేపలన్నిటినీ తీసి వేరే చోట వైద్యం చేస్తూ, చేపల్లేని ట్యాంకును గూళ్లన్నీ పగిలి పిల్లలు చచ్చేదాకా ఖాళీగా ఉంచడం. 72 రోజుల గూడును లెక్కలో పెట్టుకుని చాలామంది 76 రోజులు ఆగుతారు. రాళ్ల మధ్య దాక్కున్న ఆఖరి చేపను పట్టడానికి ట్యాంకంతా విప్పినవాళ్లు తర్వాత ఏ కొత్త చేపనూ క్వారంటైన్ లేకుండా వేయరు. యూవీ ఆ పని తర్వాత పెట్టే రెండో తాళం. మొదటి తాళం లేని తలుపుకు రెండోది వేస్తే దొంగ కాస్త ఆలస్యంగా వస్తాడంతే.

కరెంటు పోయి వచ్చింది. బల్బు వెలిగింది, పంపు తిరగలేదు. ఏమైనా అవుతుందా?

గొట్టంలో నిలిచిపోయిన నీళ్లు వేడెక్కుతాయి, నీళ్లు లేకపోతే గొట్టమే పాడవుతుంది. బల్బు, పంపు ఒకే స్విచ్ బోర్డు మీద ఉన్నా పంపు ఇరుక్కుపోతే ఇదే పరిస్థితి, కాబట్టి కరెంటు వచ్చాక ఒకసారి ధార చేత్తో ముట్టి చూడండి. కొన్ని రోజులు ఆపి ఉంచిన యూనిట్‌ని మాత్రం నేరుగా వేయకండి. లోపల కదలకుండా ఉన్న నీళ్లు ఆక్సిజన్ లేక కుళ్లి ఉంటాయి. గొట్టం విప్పి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఆ నీళ్లను బకెట్‌లోకి వంపేసి, తర్వాతే ట్యాంకుకు తగిలించండి.